కూతకి ముందు

గార్డు పచ్చజెండా ఎత్తితే నాకిప్పటికీ ఆమె చేతులే గుర్తొస్తాయి. అరవైల్లో, అనకాపల్లి స్టేషన్లో వైజాగు బండెక్కాను. ఎదర మొగుడూ పెళ్లాం కూర్చున్నారు. చెరకు గానుగలో అతని చెయ్యి నలిగిపోయిందట. అప్పట్నుంచి చప్పుడైతే చాలు, వణికిపోతాడట. పింఛనుకి కావలసిన డాక్టరు కాయితం కోసం పెద్దాసుపత్రికి వెళ్తున్నారు.

"సెయ్యి సూసిన డాక్టరు రెండోది బాగుంది కదా, పన్జేసుకోమన్నాడు. బుర్ర సూసినాయన ఒళ్లు గట్టిగుంది కదా అన్నాడు. సెయ్యొకడిదీ, బుర్రొకడిదీ ఏటి బాబూ? ఈపాలి ఇద్దర్నీ ఒక్కసోట కూకోబెట్టి అడుగుతాను" అందామె.

మాట నాతో, చూపు మాత్రం కిటికీలోంచి గార్డు మీద. జెండా లేచింది. ఆమె రెండు అరచేతులతో మొగుడి చెవులు గట్టిగా మూసేసింది.

ఇంజను కూతేసింది. ఉలిక్కిపడింది నేనే. అతను నిమ్మళంగా ఆమెనే చూస్తున్నాడు.