దినకర్ పుష్ చెయ్యడు

దినకర్ రాసిన కోడ్ గుడియాత్తంలోని అతని ల్యాప్‌టాప్ దాటి బయటికి రావాలంటే, ముందు పెళ్లికూతురిలా ముస్తాబు కావాలి. ఒక లుంగీల వ్యాపారికి రెండు యాప్‌లున్నాయి. గుడియాత్తం గోడౌన్‌ది దినకర్ చూస్తాడు, వేలూరు అంగడిది శశికళ చూస్తుంది. బిల్లు లెక్కగట్టే కోడ్ మాత్రం రెంటికీ ఒకటే, అది వేరే రెపోలో, అంటే ఇద్దరికీ ఉమ్మడిగా కోడ్ దాచే చోట ఉంటుంది. ఎవరు దిద్దినా మీట నొక్కి అందులోకి పంపితేనే, అదే పుష్ చేస్తేనే, రెండోవాళ్లకు అందుతుంది. దినకర్ దిద్దుతాడు, గడ్డం గోక్కుంటాడు, ఒక పేరు మారుస్తాడు, మళ్లీ పాత పేరే పెడతాడు. పుష్ చేసే మీట మీద అతని వేలు ఆగి ఉన్నంతసేపట్లో శశికళ వేలూరు కోట కందకంలోని నీళ్లన్నీ చెంబుతో తోడి రాగలదు.

ఇవాళ ఒకే లుంగీకి గోడౌన్‌లో ఒక పన్ను, అంగడిలో ఒక పన్ను పడింది. గల్లా ముందు జనం ఆగిపోయారు. ఈ పూట సరిచెయ్యకపోతే రెండు యాప్‌లూ పీకేస్తానని వ్యాపారి కేకలేశాడు. శశికళ దినకర్‌కు ఫోన్ చేసింది.

“ఏమప్పా, పన్ను దిద్దినావా?”

“పోయిన వారమే దిద్దినానక్కా. నా కాడ బ్రహ్మాండంగా నడస్తా ఉండాది.”

“నీ కాడ నడిస్తే నాకేమొచ్చె? పుష్ చెయ్యి!”

“ఇంకా రెండు చోట్ల అసయ్యంగా ఉండాదక్కా. చూస్తే నవ్వుతావు.”

“నవ్వేదానికి నాకు టైము యాడుండాది? నొక్కు నాయనా!”

కోడ్ వచ్చింది. శశికళ దాన్ని అంగడి యాప్‌లోకి తెచ్చుకుంది. బిల్లులు కలిశాయి, గల్లా కదిలింది. దినకర్ ఇంకా ఫోన్ పెట్టెయ్యలేదు.

“చూసినావా అక్కా? ఎట్లుండాది?”

“అసయ్యంగా ఉండాది. రోజూ ఇట్లే పంపించు.”