మూగబోయిన ఫోన్

చూపు పోయాక నేను ఒంటరిగా బస్సెక్కడం అదే మొదటిసారి. గుంటూరు నుంచి మార్టూరు వెళ్తున్నాను. దారిలో వచ్చే ఊళ్ల పేర్లు ఫోన్‌లోని యాప్ పైకి చెబుతుంటే ధైర్యంగానే కూర్చున్నాను.

చిలకలూరిపేట దాటాక స్క్రీన్ మీద నా వేళ్లు ఎలా తగిలాయో, ఆ గొంతు ఆగిపోయింది. ఎంత తట్టినా పలకలేదు. మార్టూరు దాటిపోయామేమో, దిగితే ఏ మిరప చేల మధ్య దిగుతానోనని భయం వేసింది. కండక్టర్‌ని పిలిచాను. బస్సు రొదలో అతనికి వినపడలేదు.

"ఫోన్ మాట్లాడటం లేదామ్మా?" అని పక్క సీట్లోంచి ఒక పెద్దాయన అడిగాడు. "మూడు వేళ్లు కలిపి రెండుసార్లు తట్టండి. నా పాటల ప్లేయర్‌కీ ఇలాంటి టచ్ స్క్రీనే, అదీ అప్పుడప్పుడూ ఇలాగే మూగబోతుంది. నాకూ కళ్లు కనపడవు."

ఆయన చెప్పినట్టే తట్టాను. మార్టూరు ఇంకా రాలేదని ఫోన్ చెప్పింది. నాకు ఏడుపొచ్చింది.

"ఒంటరిగా తిరగడానికి మీకు భయం వెయ్యదా అండీ?" అని అడిగాను.

"ఎందుకు వెయ్యదమ్మా? నేను దిగేదీ మార్టూరులోనే. గుంటూరు నుంచీ మీ ఫోన్ మాటే వింటూ కూర్చున్నా. అది ఆగేసరికి నాకూ గుండె జారిపోయింది."

నేను సౌండు పెంచి, ఫోన్‌ని ఇద్దరి మధ్యా పట్టుకున్నాను. మార్టూరు వచ్చేదాకా ఇద్దరం దాన్నే విన్నాం.

ఆయన పేరు అడగలేదు. ఇప్పటికీ బస్సులో నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకోను.