ఎడమ స్పీకర్

మా నాన్న మీద రెండు కంప్లయింట్లు వచ్చాయి. మూడోది వస్తే రూట్ తీసేస్తామని ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్ దగ్గరి సూపర్‌వైజర్ చెప్పాడు. రూట్ అంటే పొద్దున తెల్లాపూర్‌లో మూడు గేటెడ్ కమ్యూనిటీల ముందు ముగ్గురిని ఎక్కించుకోవడం, హైటెక్ సిటీలో ఒక గాజు బిల్డింగ్ ముందు దించడం, సాయంత్రం మళ్లీ ఎవరి గేటు దగ్గర వాళ్లను అప్పగించడం. కారు సొంతం, డ్రైవర్ ఆయనే. ఏడేళ్లుగా ఆ ముగ్గురు మారుతూ వచ్చారు, ఆయన మారలేదు.

రెండు కంప్లయింట్లలోనూ విషయం ఒకటే. డ్రైవర్ పిలిస్తే పలకడు. మొదటిసారి ఒకావిడ గేటు దాటాక లంచ్ బాక్స్ మరిచిపోయానని, కారు ఆపమని అడిగింది. నాన్న ఆపలేదు. లంచ్ బాక్స్ ఇంట్లోనే ఉండిపోయింది, కంప్లయింట్ మాత్రం ఆవిడ కన్నా ముందే ఆఫీసుకు చేరింది. రెండోసారి ఫోన్‌లోని మ్యాప్ ఎడమకు తిరగమంటే ఆయన తిన్నగా వెళ్లి ఫ్లైఓవర్ ఎక్కేశాడు. మా వైపు ఒకసారి తప్పు ఫ్లైఓవర్ ఎక్కితే దిగేసరికి జిల్లా మారిపోతుంది. ముగ్గురూ మీటింగ్‌కు అందలేదు. ఆ మీటింగ్‌లో ఏం జరిగిందో వాళ్లకు తరవాత కూడా తెలియలేదట, అవసరమూ పడలేదట. అయినా కంప్లయింట్ కంప్లయింటే.

నాన్న దగ్గర జవాబు సిద్ధంగా ఉంది.

“ఎడమ స్పీకర్ ఖరాబైంది రా. మ్యాప్ మాట్లాడితే నాకేం ఇనొస్తది?”

“లంచ్ బాక్స్ మేడమ్ స్పీకర్ల మాట్లాడలే కద నాయినా. ఎనక సీట్ల కూసోని మాట్లాడింది.”

“స్పీకర్ ఖరాబైందని సౌండ్ పెంచుతున్న. ఆ సౌండ్ల ఆమె మాట ఇనబడలే. గంతే.”

నాకు ఇందులో తప్పేమీ కనబడలేదు. నేను ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. ఎక్కడో ఎవరో యాప్ పనిచేయడం లేదని రాస్తారు. నేను నా కంప్యూటర్‌లో తెరిచి చూసి, ‘నా దగ్గర బాగానే పనిచేస్తోంది’ అని రాసి మూసేస్తాను. ఆ ఒక్క వాక్యం మీద నాలుగేళ్లుగా అన్నం తింటున్నాను. ఆ ఎండాకాలమే మా టీంలో సగం మందిని పంపించేశారు. మిగిలిన సగంలో నేనున్నాను. సంతోషించాలో బాధపడాలో తేల్చుకునేలోపు మధ్యాహ్నమైంది, వెళ్లి తిన్నాను. ఫ్లోర్‌లో కుర్చీలు ఎక్కువయ్యాయి. అంతకుమించి నాలో ఏమీ జరిగినట్టు లేదు.

కాబట్టి నాన్న రూట్ నిలబెట్టడానికి కారు సౌండ్ సిస్టమ్ మార్చాలని ఇద్దరం తీర్మానించుకున్నాం. ఇప్పుడు రాస్తుంటే వింతగా ఉంది కానీ, అప్పుడు చాలా శాస్త్రీయంగా అనిపించింది.

మూసాపేటలో మెట్రో లైను పక్కన ఒక కారు ఆడియో షాపు ఉంది. దాన్ని నడిపే మెకానిక్ గోదావరి వైపు నుంచి వచ్చినవాడు, యాభై దాటి ఉంటాయి. మనిషికే కాదు, చేతిలో ఉన్న వైరుకు కూడా అండి అంటాడు. నా బడ్జెట్ విన్నాక మర్యాద తగ్గించలేదు. కళ్లద్దాలు మాత్రం తీసి తుడుచుకున్నాడు.

“ఈ డబ్బులకి కొత్తవి రావండి. వచ్చినా అవి స్పీకర్లు కావండి, డబ్బాలండి. యాక్సిడెంటైన కార్లోంచి తీసినవి ఒక జత ఉన్నాయండి. కారు పోయిందండి, ఇవి బతికాయండి.”

“మనుషులు?” అన్నాను.

“అడగలేదండి.”

స్పీకర్ మార్చడం ఒక్కటే చాలదని ఆయనే చెప్పాడు. పలచటి రేకు తలుపులో ఎంత మంచి స్పీకర్ పెట్టినా రేకు అదిరి సగం పాట తలుపే పాడేస్తుందట. దానికి కార్ల కోసం ప్రత్యేకంగా అమ్మే షీట్లు నా బడ్జెట్‌కు అందవు కనుక, డాబా కారకుండా వేసే తారు షీట్ ముక్కలు కోసి తలుపు లోపల అంటించాడు. తలుపు విప్పినప్పుడు అద్దం సందులోంచి ఎప్పుడో జారిపోయిన దువ్వెన దొరికింది. నాన్న దాన్ని తుడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజుకు మాకు వచ్చిన లాభం అదే.

బిగించాక మొదట నేను డ్రైవర్ సీట్లో కూర్చుని విన్నాను. బాగుంది. తబలా ఎక్కడ కూర్చుందో, పాడేవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తోంది. తరవాత నాన్న కూర్చున్నాడు. రక్తపరీక్ష రిపోర్టు చదువుతున్నంత శ్రద్ధగా విన్నాడు.

“మంచిగుంది. గని ఎడమ దిక్కు ఇంకా వస్తలేదు.”

“నా దగ్గర బాగనే వచ్చింది నాయినా.”

“నీ దగ్గర వస్తది. నడిపేది నేను.”

ఇది చాలా న్యాయమైన మాట. నా ఉద్యోగంలో ఇంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు. మెకానిక్ చిన్న బ్యాటరీ తెచ్చి వైర్లకు తగిలించాడు, స్పీకర్ పొర ముందుకు కదిలింది. ప్లస్ మైనస్ తారుమారు కాలేదు, బానే ఉందండి అన్నాడు. అయినా నాన్న తల అడ్డంగా ఊపాడు. మెకానిక్ వచ్చే ఆదివారం రమ్మన్నాడు.

టెస్టింగ్‌లో ఒక నియమం ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మిగతావి కదపకూడదు. అప్పుడే తప్పు ఎక్కడుందో దొరుకుతుంది. రెండో ఆదివారం నేను ఈ నియమం వివరిస్తే మెకానిక్ ఓపిగ్గా విన్నాడు, ముప్పై ఏళ్లుగా తను అదే చేస్తున్నానని చెప్పలేదు. కుడి స్పీకర్ ఎడమకు, ఎడమది కుడికి మార్చాం. ఎడమ దిక్కు రావడం లేదు. వైర్లు మార్చాం. ఎడమ దిక్కు రావడం లేదు. మధ్యలో వారం రోజులు నాన్న సౌండ్ ఇంకో రెండు గీతలు పెంచుకుని రూట్ నడిపాడు. సూపర్‌వైజర్ ఫోన్ చేసి, “ఇంకొక్కటి వస్తే నాతోని కాదన్నా, ముందే చెప్తున్న,” అన్నాడు. నాన్న సరే తమ్మీ అన్నాడు.

మూడో ఆదివారం మెకానిక్ స్టీరియోనే మార్చాడు. షాపులోని ఇంకోటి తెచ్చి తగిలించి, నాన్నను డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాడు.

“పెద్దాయనగారూ, ఒక్కసారి కళ్లు మూసుకోండి. పాట ఎటు నుంచి వస్తుందో అటు చెయ్యెత్తండి.”

నాన్న కళ్లు మూసుకుని కుడి చెయ్యి ఎత్తాడు. నేను స్టీరియో వైపు చూశాను. కుడి స్పీకర్ పూర్తిగా కట్టేసి ఉంది, ఎడమది ఒక్కటే పాడుతోంది. మెకానిక్ దాన్ని కట్టేసి కుడిది పెట్టాడు. నాన్న అదే చెయ్యి ఎత్తాడు.

 మెకానిక్ నాన్నను కారు దించి షాపు ముందు నిలబెట్టాడు. పొడుగాటి వైరు కట్టిన ఒక స్పీకర్ చేత్తో పట్టుకుని, కళ్లు మూసుకున్న నాన్న చుట్టూ మెల్లగా తిరిగాడు. దూరం నుంచి చూస్తే హారతి ఇస్తున్నట్టుంది. ముందు నిలబడ్డాడు, నాన్న కుడి చెయ్యి లేచింది. ఎడమ పక్కకు వచ్చాడు, కుడి చెయ్యి లేచింది. భుజాలు పట్టి నాన్నను వెనక్కి తిప్పి నిలబెట్టాడు. ఇప్పుడు ఆయన కుడి చెయ్యి రోడ్డు వైపు ఉంది, స్పీకర్ షాపు వైపు ఉంది, ఆయనకు పాట రోడ్డు వైపు నుంచే వచ్చింది.

మేం మూడు వారాలుగా అన్నీ మార్చాం. ఒకసారికి ఒక్కటే. వినే మనిషిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. నేను కూర్చుంటే రెండు వైపులా వస్తోంది, ఆయన కూర్చుంటే రావడం లేదు. తప్పు ఎక్కడుందో మొదటి రోజే నా నోటితో నేనే చెప్పాను, రోజూ చెప్పే వాక్యమే కాబట్టి చెవికెక్కలేదు.

“మూడు వారాలు తప్పు పార్టు విప్పానండి,” అన్నాడు మెకానిక్ నాతో, గొంతు తగ్గించి. “నా దగ్గర ఆ పార్టు ఉండదండి.”

నాన్న కళ్లు తెరిచాడు. ఇద్దరి మొహాలూ చూశాడు. 

“స్పీకర్ ఖరాబైతే మంచిగుండు అనుకున్న,” అన్నాడు.

నేను ఇలాంటి చోట ఏదో ఒకటి అంటాను. అనకపోతే నాకు ఊపిరాడదు. ఆ రోజు ఏమీ తట్టలేదు, ఊపిరి మాత్రం మామూలుగానే ఆడింది. మెకానిక్ తారు షీట్‌కు తప్ప దేనికీ డబ్బు తీసుకోలేదు, పాత స్టీరియో తిరిగి బిగించి ఇచ్చాడు.

దారిలో నేను నడుపుతూ, వెనక సీట్లో కూర్చున్న నాన్నను అడిగాను. “ఎప్పటిసంది ఇనొస్తలేదు నాయినా?”

రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

“ఎట్ల ఎరుకైతది రా? ఇనొచ్చింది అంటే యాదికుంటది. ఇనరానిది ఎప్పటిసంది ఇనరాలేదో ఎవనికెరుక?”

అమ్మకు చెప్తే ఆమె చేస్తున్న పని ఆపలేదు. “ఇరవై ఏండ్ల సంది పిలిస్తే పలుకడు. నేను చెవి అనుకోలే, మొగడు అనుకున్న,” అంది. తరవాత పొయ్యి కట్టేసింది.

మంగళవారం నేను సెలవు పెట్టి, ఆయనను చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. గాజు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినగానే మీట నొక్కమన్నారు. కాగితం మీద కుడి చెవి గీత పైన నడిచింది, ఎడమ చెవి గీత కింద పడుకుంది. నరం దెబ్బతిందని, చెవికి మిషన్ పెడితే కొంత సాయం కావచ్చని, ముందే వస్తే బాగుండేదని డాక్టర్ చెప్పాడు. అందరు డాక్టర్లకూ ఈ ఆఖరి వాక్యం కాలేజీలోనే నేర్పిస్తారనుకుంటాను. బండి నడపొచ్చా అని అడిగితే, మీ ఆఫీసు వాళ్లను అడగండి అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నేను ఒక ఉపాయం చెప్పాను. స్టీరియోలో సౌండ్ అంతా కుడి తలుపుకే మళ్లించవచ్చు. మ్యాప్, ఫోన్ అన్నీ ఆయన మంచి చెవి పక్కనే మాట్లాడతాయి.

“మేడమ్‌లతోని, జర ముందుకొచ్చి చెప్పమని అను. ఎవరికి తెల్వది నాయినా. మనం చెప్తే తప్ప.”

“ఎడమ దిక్కుకెల్లి ఎవడన్న హారన్ కొడితే? అది గూడ కుడి తలుపుల పెడ్తవా?”

ఆయన కుర్చీ నా దగ్గరికి లాక్కున్నాడు.

“పోయిన నెల నల్లగండ్ల కాడ ఒకామె స్కూటీ మీద ఎడమకెల్లి వచ్చింది,” అన్నాడు. “హారన్ కొట్టిందో లేదో నాకెరుక లేదు. నేను బండి ఎడమకు కోసిన. అద్దంల చూసెటాలకు ఆమె చెయ్యి నా డోర్ మీదుంది. పడలే. కాలు కింద పెట్టి నిలబడి నా దిక్కు చూసింది. ఏమన్న తిట్టిందో, అది గూడ ఇనబడలే.”

“ఎనక వాళ్లేమన్నరు?”

“ముగ్గురు ఫోన్లల్ల ఉన్నరు. దానికి కంప్లయింట్ రాలే. గదే నాకు పరేషాన్.”

లంచ్ బాక్స్‌కు వచ్చింది, మీటింగ్‌కు వచ్చింది, దీనికి రాలేదు. ఆయన నెల రోజులుగా ఆ రాని కంప్లయింట్‌ను పక్కన పెట్టుకుని రూట్ నడిపాడు. ఆదివారం వస్తే వెళ్లి స్పీకర్ విప్పించుకున్నాడు.

నాన్న ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కు చేసి, కుడి చెవికి ఆనించుకున్నాడు. ఫోన్ సౌండ్ గట్టిగా పెట్టుకోవడం అలవాటు కనుక అవతలి మాట ఇల్లంతా వినిపించింది.

“తమ్మీ, రేపటిసంది నా బండి రాదు. వేరే బండి చూస్కో.”

“ఏమైందన్నా? ఇంకా రెండే గద ఉన్నయి. మూడోది రాలే గద.”

“మూడోది నేనిస్తున్న. రాస్కో.”

“నీ మీద నువ్వే ఇస్తవా అన్నా?”

“చెవి ఇనొస్తలేదని రాయి. ఎడమది. పేరు తప్పు రాయకు.”

సూపర్‌వైజర్ రాసుకున్నాడు. తరవాత ఐడీ కార్డు, ట్రిప్ షీట్లు ఆఫీసులో అప్పగించాలన్నాడు. నాన్న సరేనన్నాడు. ఫోన్ పెట్టేసి, అన్నం పెట్టమని అమ్మను అడిగాడు. తిన్నాం. నాకు ఏడుపు రావాలేమోనని చూశాను, రాలేదు. కూరలో ఉప్పు సరిపోయింది.

మర్నాడు పొద్దున ఆయన ఎప్పటిలాగే లేచి, స్నానం చేసి, కారు తుడిచాడు. అలవాటు కొద్దీ డ్రైవర్ తలుపు తెరిచి, ఒక క్షణం ఆగి, ముందు నుంచి చుట్టూ తిరిగి వచ్చి ఎడమ సీట్లో కూర్చున్నాడు. కాగితాలు ఒళ్లో పెట్టుకున్నాడు. అవి ఆఫీసులో ఇచ్చేసి బస్సులో వచ్చేస్తానన్నాడు. నేను నడిపాను. ఆయన ఆ సీట్లో కూర్చుంటే మంచి చెవి నా వైపు వస్తుంది. ఆ సంగతి శేరిలింగంపల్లి దాటాక గాని నాకు తట్టలేదు.

పాట మొదలైంది. బడ్జెట్‌కు మించి బాగుంది.

“జర తగ్గియ్యి,” అన్నాడు నాన్న. “నువ్వు మాట్లాడేది ఇనొస్తలేదు.”

“నేనేం మాట్లాడలే నాయినా.”

“అయితే మాట్లాడు.”

సౌండ్ తగ్గించాను.  ముందు సిగ్నల్ దగ్గర బండ్లన్నీ ఆగుతున్నాయి.

“రెడ్ పడ్డది,” అన్నాను.

“కండ్లు మంచిగనే ఉన్నయి రా,” అన్నాడు.