సంఘం రిజిస్టర్లు మాయమైన తొమ్మిది రోజులు

మా చర్చి సంఘానికి మూడు పాత రిజిస్టర్లు ఉండేవి. ఒకదాంట్లో బాప్తిస్మాలు, ఇంకొకదాంట్లో పెళ్ళిళ్ళు, మూడోదాంట్లో భూస్థాపనలు, అంటే పోయినవాళ్ళను పూడ్చిన వివరాలు. మా ఊరు వేంపల్లెకు దగ్గర. మా వాళ్ళలో ఎక్కువమంది కూలిపనికి పోయేవాళ్ళే. పాత తరంలో చాలామందికి పుట్టినతేదీ కాగితమంటే ఆ పుస్తకంలో రాసిన ఒక్క వరుసే. పింఛనుకు వయసు చూపాలన్నా, మొగుడు పోయినట్టు రుజువు కావాలన్నా గుడికి వచ్చి అడిగేవాళ్ళు.

నేను ఊళ్ళో ప్రాథమిక పాఠశాల టీచర్ని. టైపింగ్ వచ్చు కాబట్టి ఆ పుస్తకాలను కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు అప్పగించారు. రెండు వేసవి సెలవులు పట్టింది. కాంపౌండరుగా చేసి రిటైరైన సంఘపెద్ద ఒకాయన పక్కన కూర్చుని చదివితే నేను టైపు చేసేదాన్ని. చుట్టరికం లేకపోయినా ఆయన్ని మామా అనే పిలుస్తాను. పాత పాస్టరు అయ్యగార్ల గొలుసుకట్టు రాత ఊళ్ళో ఆయనొక్కడికే అర్థమయ్యేది.

ఆ మరుసటి వానాకాలం గుడి వెనకగది కప్పు కారింది. రిజిస్టర్లున్న ఇనప్పెట్టెలోకి నీళ్ళు దిగాయి. మేం చూసుకునేసరికి మూడు పుస్తకాలూ ముద్దయిపోయి, సిరా అంతా నీలంగా కారిపోయి ఉంది. నేను ఏడ్చాను. మామ మాత్రం, "కంప్యూటర్లో ఉండాయి కదా పాపా, ఏంటికి ఏడుస్తావు?" అన్నాడు. అప్పుడే ఇంకో కాపీ తీసి పెట్టాల్సింది. తీద్దాం, తీద్దాం అనుకుంటూనే రెండేళ్ళు గడిపేశాను.

నా కంప్యూటర్ పదేళ్ళ నాటిది. అందులో ఉన్నది విండోస్ టెన్. దానికి సపోర్టు ఆగిపోతుందని కొన్ని నెలలుగా తెర మీద మెసేజ్ వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా మూలనున్న గుర్తు నొక్కి మూసేసేదాన్ని. ఒక శనివారం మధ్యాహ్నం ఆ మెసేజ్ తెరంతా నిండి కనబడింది. సపోర్టు ముగిసిందట. ఇక భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు రావట. కొత్త వెర్షన్‌కు మారదామని చూస్తే, ఈ కంప్యూటర్‌కు అది ఎక్కదని ఇంకో మెసేజ్ వచ్చింది.

అప్‌డేట్లు రాకపోతే ఏమవుతుందో నాకు సరిగ్గా తెలియదు. వైరస్ వస్తుందని, ఉన్నదంతా పోతుందని ఎవరో అనగా విన్నానంతే. ఇంట్లో ఎవరూ లేరు. ఆ మెసేజ్‌లోని మాటలే ఇంటర్నెట్‌లో కొట్టి వెతికాను. మొట్టమొదట వచ్చిన పేజీలో పెద్ద అక్షరాలతో ఒక హెల్ప్‌లైన్ నంబరు ఉంది. ముందూ వెనకా చూడకుండా ఫోన్ చేశాను.

అవతల మగగొంతు ఎంతో మర్యాదగా మాట్లాడింది. "మేడమ్, మీరు సరైన సమయానికి ఫోన్ చేశారు. మీ కంప్యూటర్ ఇప్పటికే ప్రమాదంలో ఉంది. నేను చెప్పినట్టు చేయండి."

చెప్పినట్టే చేశాను. అతను ఒక ప్రోగ్రామ్ దించుకోమన్నాడు, దించుకున్నాను. తెర మీద వచ్చిన అంకెలు చదివి చెప్పమన్నాడు, చదివాను. మరుక్షణం నా మౌస్ బాణం దానంతటదే కదిలింది. నా చెయ్యి ఒళ్ళో ఉంది. బాణం మాత్రం తెర మీద అటూ ఇటూ పోతోంది. ఎవరో ఇంట్లోకి వచ్చి బీరువా తలుపులు ఒక్కొక్కటే తీస్తున్నట్టు అనిపించింది. అయినా ఫోన్ పెట్టెయ్యలేదు. అంత మర్యాదగా మాట్లాడే మనిషిని అనుమానిస్తే బాగుండదేమో అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కాసేపటికి అతను బ్యాంకు పేజీ తెరవమన్నాడు. అప్పుడు వెలిగింది నాకు.

"బ్యాంకు ఎందుకు? వద్దు సార్, ఇంక చాలు. నేను ఫోన్ పెట్టేస్తా," అన్నాను.

అతని మర్యాద ఒక్క క్షణంలో పోయింది. "పెట్టెయ్. పెట్టేస్తే ఏమవుతుందో చూస్తావా?"

బాణం సంఘం పేరున్న ఫోల్డరు మీదికి పోయింది. మూడు రిజిస్టర్లూ అందులోనే ఉన్నాయి. పూర్తిగా తీసెయ్యమంటారా అని తెర మీద ఒక ప్రశ్న వచ్చింది. అవును అన్న చోట బాణం నొక్కుకుంది. ఫోల్డరు నా కళ్ళముందే మాయమైంది. నేను కేక పెట్టి, కుర్చీ తోసుకుని లేచి, గోడకున్న ప్లగ్గు లాగేశాను. తెర నల్లబడింది. ఫోన్లో అతను ఇంకా ఏదో తిడుతున్నాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను కంప్యూటర్ వెయ్యలేదు. దాని మీద దుప్పటి కప్పాను. వేస్తే ఆ బాణం మళ్ళీ కదులుతుందని భయం. వెయ్యకపోతే లోపల ఏం మిగిలిందో తెలియదని ఇంకో భయం. బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ మధ్యలో ఆగిపోయేదాన్ని. ఫోన్ మోగితే తియ్యకుండా పక్కన పెట్టేదాన్ని. మా ఆయనకు మాత్రం చెప్పాను. ఆయన బ్యాంకుకు పోయి ఖాతా భద్రం చేయించి వచ్చాడు. మామకు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఆరో రోజున ఒకామె మా ఇంటికి వచ్చింది. పొరుగు వీధిలో ఉంటుంది, చేలల్లో కలుపుకు పోతుంది. మొగుడు పోయి మూడేళ్ళయింది.

"టీచరమ్మా, ఆయన్ని పూడ్చినట్టు గుడి కాగితం కావాలంట. పింఛను ఆఫీసులో అడుగుతాండారు."

"కరెంటు లేదమ్మా. రెండ్రోజులాగి రా," అన్నాను.

ఆమె తలెత్తి, మా వరండాలో తిరుగుతున్న ఫ్యాన్ వైపు చూసింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మరునాడు కడపలో ఒక రిపేరు దుకాణానికి పోయి, కంప్యూటర్ తీసుకుపోకుండా ఊరికే అడిగాను. "తెచ్చీండి, ఫార్మాట్ కొట్టి కొత్తగా వేసిస్తాం," అన్నారు. ఫార్మాట్ అంటే అంతా తుడిచేయడమని నాకు తెలుసు. బయటపడి మా చెల్లెలికి ఫోన్ చేశాను. అది కర్నూలులో ఉద్యోగం చేస్తోంది. పోయిన ఫైళ్ళు వెతికి తీసే ఒకామె అక్కడ ఉందని చెప్పింది. సెలవు పెట్టి, కంప్యూటర్ను దుప్పట్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని పోయాను. గుంతల్లో బస్సు ఎగిరినప్పుడల్లా నా ప్రాణం ఎగిరింది.

ఆమె ఒక ముస్లిం స్త్రీ, నా వయసుదే. అన్న పోయాక ఆయన దుకాణం తనే నడుపుతోంది. కౌంటరు మీద నేను పెట్టినదాన్ని చూసి మొదట ఒకటే ప్రశ్న వేసింది.

"అది జరిగినాంక మళ్ళా ఆన్ చేసినావా అక్కా?"

"లేదు. భయమేసి వెయ్యలేదు."

"శానా మంచి పని చేసినావు. వేసింటే పాతదాని మీద కొత్తది రాసుకుంటా పోయేది. యాడ వెతికేది అప్పుడు?"

నా పిరికితనం పనికొచ్చిందని ఆమె అంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమె హార్డ్‌డిస్కు ఊడదీసి, తన యంత్రానికి తగిలించి, దాన్ని ముట్టుకోకుండా ముందు మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ తీసింది. వెతకడమంతా ఆ కాపీలోనే. "ఫోన్లోంచి పాస్‌వర్డులు అన్నీ మార్చినావా?" అని అడిగింది. కొన్నే మార్చానంటే, నన్ను కూర్చోబెట్టి మిగతావి మార్పించింది. సాయంత్రం దాకా నేను ఆ స్టూలు మీంచి లేవలేదు. ఒక్కో ఫైలు పేరు లేకుండా ఉత్త అంకెతో బయటికి వచ్చింది. ఏది ఏదో తెరిచి చూస్తేగానీ తెలియలేదు. బాప్తిస్మాలు వచ్చాయి. పెళ్ళిళ్ళు వచ్చాయి. భూస్థాపనల్లో పాతవి వచ్చాయి. చివరి పన్నెండేళ్ళ ఫైలు తెరిస్తే అక్షరాలకు బదులు ఖాళీ గళ్ళు.

"ఇది పోయినాది అక్కా," అంది మెల్లగా. "అబద్ధం చెప్పను. నా చేతనయినంత చూసినా."

కొత్త వెర్షన్ మాటేమిటని అడిగాను. ఈ పాత యంత్రానికి ఎక్కదు, దొంగదారిన ఎక్కించొద్దంది. డిస్కు కడిగినట్టు తుడిచి, ఉచితంగా దొరికే వేరే సిస్టమ్ వేసిచ్చింది. రిజిస్టర్లకు మాత్రమే వాడమని, ఇంటర్నెట్ తగిలించొద్దని, కాపీలు రెండు వేరే వేరే ఇళ్ళల్లో ఉంచమని చెప్పింది. "తెర మీద నంబరు కనపడితే ఎప్పుడూ ఫోన్ చేయొద్దు. నిజమైనోళ్ళు ఆ మాదిరి నంబరు ఇయ్యరు."

ఊరికి వచ్చిన రోజే మామ ఇంటికి పోయి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"పన్నెండేండ్లలో ఎంతమందిని పూడ్చింటాం పాపా? మనుషులు బతికే ఉండారు కదా చెప్పడానికి. పద," అన్నాడు.

మొదట ఆ కలుపు కూలి ఆమె ఇంటికే పోయాం. ఆ రోజు అబద్ధం చెప్పానని, ఆమె మొగుడి పేరున్న వరుస నా తప్పు వల్లే పోయిందని చెప్పాను. ఆమె గడపలో కూర్చుని వింది.

"ఫ్యాను తిరుగుతాంటే కరెంటు లేదంటివి. నాకు కాగితం ఇయ్యడం ఇష్టం లేదేమో అనుకుంటి," అంది. తర్వాత లేచి, గుంత తవ్విన ఇద్దరినీ పిలుచుకుని వచ్చింది. వాళ్ళు తేదీ, వారం చెప్పారు. మామ కొత్త పుస్తకంలో రాశాడు. సాక్షులుగా వాళ్ళిద్దరూ వేలిముద్రలు వేశారు. అయ్యగారు సంతకం పెట్టిన ఆ కాగితాన్ని ఆఫీసువాళ్ళు రెండుసార్లు తిప్పి పంపి, మూడోసారి తీసుకున్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం ముందు నిలబడి జరిగింది చెప్పాను. ఒకరిద్దరు గొణిగారు. ఒక ముసలాయన మాత్రం అప్పుడే లేచి, "నా పెద్దకొడుకుది రాసుకోమ్మా, మర్చిపోకముందే," అన్నాడు. ఆ వారం నుంచి ఆరాధన తర్వాత ఇద్దరో ముగ్గురో వచ్చి కూర్చుంటున్నారు. ఇప్పటికి నలభై ఒక్క పేర్లు తిరిగి వచ్చాయి. ఇంకెన్ని ఉన్నాయో మాకు తెలియదు. అడగడానికి ఇంట్లో ఎవరూ మిగలని వాళ్ళ సంగతే నన్ను ఎక్కువగా భయపెడుతుంది.