నల్ల పిడి తలుపు

పోయిన నెల మా మామగారు కన్నుమూశారు. బరంపురం బజారులో బట్టల కొట్టు తెరిచి కూర్చున్నవారు కూర్చున్నట్టే ఒరిగిపోయారని మా ఆయన వచ్చి చెప్పారు. శుక్రవారం. నేను దీపపు సెమ్మెలు తోముతున్నాను. చేతినిండా చింతపండు. ఆ చేతుల్లోనే మొహం పెట్టుకుని ఏడ్చాను.

నలుగురూ ఆయన వ్యాపారం గురించి చెబుతారు. నేను చెప్పేది కారు తలుపు సంగతి. ఇది చెబితే గాని నా మనసు కుదుటపడదు.

తన దేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర మామగారు కొన్న పాత మోటారు అది. నాలుగు తలుపులకీ ఇత్తడి పిడులు. కొత్త కోడలిగా వచ్చిన నేను ప్రతి శుక్రవారం పూజ సామానుతో పాటు వాటినీ చింతపండేసి తోమి, చెంబుతో నీళ్ళు పోసి, పసుపు రాసి బొట్టు పెట్టేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నా అతితెలివి. ఆ నీళ్ళు ఎక్కడికి దిగుతున్నాయో నాకేం తెలుసు?

ఆ ఏడు అందరం కారులో రంభ ఊరికి వెళ్తుంటే మలుపులో అత్తగారి పక్క తలుపు దానంతటదే తెరుచుకుంది. ఆవిడ రోడ్డు మీద పడ్డారు. విరిగిన తుంటి అతికింది గాని, ఒక కాలు పొట్టిదైపోయింది.

మద్రాసు నుంచి కొత్త గొళ్ళెం, పిడి తెప్పించి, మిస్త్రీని పిలవకుండా మామగారే పెరట్లో తలుపు విప్పారు. తీసిన మరమేకులన్నీ విస్తరాకులో వరసగా పేర్చారు. తలుపు లోపలి కర్రచట్రంలో అరిగిపోయిన కన్నాల్లో, మరమేకులు బిగిసేలా వెదురు పుల్లలు దిగ్గొట్టారు. లోపల ఇరుక్కున్న పాత స్ప్రింగు మాత్రం రాలేదు. ఆయన చెయ్యి పట్టదు, మా ఆయన చెయ్యీ పట్టదు. కోడలు మామగారి ఎదుట నిలబడని రోజులవి. అయినా గుమ్మం వెనక ఉన్న నన్ను పిలిచారు.

“ఇలా రామ్మా. నీ సెయ్యి సన్నం. గాజులు పైకి తోసుకుని లోపలెట్టు. బలమెట్టీకు, అదే వస్తాది.”

వచ్చింది. తుప్పు ముద్ద. దాని చుట్టూ చింతపండు పీచు, పసుపు. నేను పోసిన నీళ్ళ పనే. మామగారు ఆ పీచు చూశారు, నా మొహం చూశారు, గుప్పిట మూసేశారు.

“ఏటి నాన్నా, ఏటైంది?” అన్నారు మా ఆయన.

“ఏటుంది, నూనె ఎయ్యడం మర్సిపోనాను. తప్పు నాదే,” అన్నారు మామగారు, వసారాలో మంచం మీదున్న అత్తగారికి వినపడేలా. తరవాత మెల్లగా నాతో, “ఇకమీద పొడిగుడ్డతో తుడువమ్మా. నీళ్ళొద్దు,” అన్నారు.

కొత్త పిడి నల్లటి ఇనుము. మూడు ఇత్తడి పిడుల మధ్య అదొక్కటీ. చూసినవాళ్ళు నవ్వితే, “దీన్ని తోమక్కర్లేదు” అనేవారు మామగారు.

అప్పటినుంచీ అత్తగారు ఎప్పుడు కాలు నొప్పెట్టినా, “నూనె సుక్క ఎయ్యలేనోరికి మోటారెందుకో!” అని దెప్పేవారు. ఆయన తలవంచుకుని విని, నూనె డబ్బా పట్టుకుని నాలుగు తలుపులూ చుట్టి వచ్చేవారు. నేను నిజం చెప్పేస్తానంటే, “పని సూసుకోమ్మా” అనేవారు. అది ఆయన దయ. దాని చాటున నేను హాయిగా బతికేశాను. అందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పన్నెండో రోజు దాటాక అత్తగారు, “నూనె ఎయ్యలేదని ఎన్నెన్ని మాటలన్నానే ఆయన్ని!” అని కుమిలిపోతుంటే ఇక ఆగలేకపోయాను. పీచుతో సహా అంతా చెప్పాను. కొడతారనుకున్నాను. కొట్టలేదు.

“నాకొక్క మాట సెప్పకూడదేటే, ఆయన?” అన్నారు. “నన్ను కారు కాడికి తీసుకెల్లు.”

పడిన రోజు నుంచీ ఆవిడ ఆ పక్కన కూర్చోలేదు. ఎటు కూర్చున్నా తలుపుకి ఆనుకోలేదు. ఇప్పుడు నా భుజం పట్టుకుని ఎక్కి, అక్కడే కూర్చున్నారు.

“ముయ్యి,” అన్నారు.

మూశాను. చిన్న చప్పుడుతో తలుపు తిన్నగా పడింది. పిడికున్న నూనె నా అరచేతికి అంటింది. ఆగి ఉన్న ఆ కారులో అత్తగారు తలుపుకి తల ఆనించి, కళ్ళు మూసుకున్నారు.