గాలి కిటికీ

కార్ఖానాలో ఆమెను అందరూ సంచుల అక్క అనేవారు. అక్కడ తయారయ్యేవి ఫ్యూయల్ సెల్ ఛార్జర్లు. అరచేతిలో ఇమిడే పెట్టె, దానిలో బిగించే చిన్న ఇంధనపు సీసా. ఆ ఇంధనం గాలితో కలిస్తే కరెంటు పుట్టి ఫోనుకు ఎక్కుతుంది. మంట ఉండదు, పొగ ఉండదు, కాస్త నీటి చెమ్మ మిగులుతుందంతే. ఆ పెట్టెలకు సంచులు కుట్టడం ఆమె పని. ప్రతి సంచికీ ఒక పక్క అగ్గిపెట్టెంత జాలీ గుడ్డ వేయాలి. గాలి కిటికీ అంటారు దాన్ని. కొత్తగా చేరినవాళ్లకు చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేది.

"కిటికీ మూశారంటే దాని ముక్కు మూసినట్టే. ఊపిరాడక ఆగిపోతుంది. జనమేమో పాడైందని మనల్ని తిట్టిపోస్తారు."

ఊరందరికీ చెప్పిన మనిషి ఇంట్లో ఒక్కడికి చెప్పలేదు.

భర్త కొండల్లో కరెంటు తీగలు చూసే లైన్‌మన్. "నెత్తి మీద పది ఊళ్లకు సరిపడా కరెంటు పోతుంటుంది, నా ఫోనుకు మాత్రం చుక్క దొరకదు," అని నవ్వేవాడు. అందుకే ఆమె ఒక ఛార్జర్ తెచ్చిచ్చింది. వానాకాలం వచ్చేసరికి ఆయనకు బెంగ పట్టుకుంది. "ఆ కిటికీలోంచి నీళ్లు పోవూ?" అన్నాడు. పోతాయి మరి. రెయిన్‌కోటు గుడ్డ తెచ్చి, రెండు వరసల కుట్టుతో, కిటికీ మీద గుండీల మూతతో, ఆయన కోసమే ఒక సంచి కుట్టడం మొదలుపెట్టింది. ఛార్జింగ్ పెట్టినప్పుడు మూత ఎత్తాలి, అంతే.

సరిగ్గా అప్పుడే అలక వచ్చిపడింది. భోజనానికి పిలిచిన నలుగురి ముందు ఆయన, "మా ఆవిడ కూరలో ఉప్పు వేయదు, ఉప్పులో కూర వేస్తుంది," అన్నాడు. అందరూ పడీ పడీ నవ్వారు, అత్తగారితో సహా. ఆమె మూతి ముడుచుకుంది, అయినా ఆ రాత్రి కూర్చుని సంచి పూర్తి చేసింది. మర్నాడు ఆయన బయల్దేరుతుంటే ఛార్జర్‌ను కొత్త సంచిలో పెట్టి, మూత గుండీలు బిగించి, మాటా పలుకూ లేకుండా ఆయన బ్యాగులో కుక్కింది.

"ఇంకా కోపమేనా?" గుమ్మంలో ఆగి అడిగాడు. "సరేలే, పైకెళ్లాక ఫోన్ చేస్తా. అప్పుడైనా మాట్లాడతావా?"

ఆమె మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మూత సంగతి ఫోన్ చేసినప్పుడు చెప్పొచ్చులే అనుకుంది.

ఫోన్ రాలేదు. వానకు కొండచరియ విరిగిపడింది. వెతకడానికి వెళ్లినవాళ్లకు ఆయన ఒక బండ చాటున కనిపించాడు. కాలు విరిగి కదలలేకపోయాడు గానీ, ప్రాణం వెంటనే పోలేదన్నాడు డాక్టరు. అంతకుముందు లోయలో సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోను ఖాళీ అయిందని తోటి పనివాళ్లు చెప్పారు. పాపిష్టి రాత, పడ్డ చోట మాత్రం సిగ్నల్ ఉంది.

అత్తగారికి ఒకటే దిగులు. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ అదే మాట. "ఒక్క ఫోన్ చేయలేదు నా కొడుకు. దీని మీద కోపంతో నన్ను కూడా మర్చిపోయాడు."

ఆయన బ్యాగు ఇంటికి చేరాక ఆమె ఒక్కతే విప్పి చూసింది. ఫోనుకు వైరు ఉంది, ఆ వైరు సంచిలోకి పోయి ఉంది. సంచి మూత గుండీలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఛార్జర్ పాడైపోయి ఉండాలని మనసులో వేడుకుంటూ దాన్ని కార్ఖానా మేస్త్రీ దగ్గరికి పట్టుకెళ్లింది.

మేస్త్రీ పెట్టెను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, తన ఫోను తగిలించాడు. సంచి లోపల వేలితో తడిమాడు.

"చెమ్మగా ఉందమ్మా. వాన నీళ్లు దూరి చెడిపోయింది. నీ తప్పేం లేదు."

మేస్త్రీ మంచివాడు, అబద్ధమాడటం చేతకాలేదు. ఆమె కుట్టులో ఒక్క పోగు కూడా సడలలేదు. ఆ చెమ్మ పెట్టెదే, గాలి ఉన్నంతసేపు పనిచేసి వదిలిన చెమ్మ. ఆయన మాట పూర్తికాకముందే పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టాడు గానీ, ఆమె చూడనే చూసింది.

అత్తగారికి వాన నీళ్లని చెబితే సరిపోతుంది. దారంతా అదే అనుకుంటూ వచ్చింది. ఇంటికొచ్చి అత్తగారి ఫోను తీసుకుని ఛార్జర్‌కు తగిలించి, ఆవిడ ముందు పెట్టింది.

"ఆయన మిమ్మల్ని మర్చిపోలేదత్తయ్యా. ఫోన్ చేద్దామని దీనికి తగిలించారు. నేను కుట్టిన మూత వల్ల ఇది ఆగిపోయింది. మూత తీయాలని నేను చెప్పలేదు. అలిగి ఉన్నాను."

లైటు వెలిగింది. అత్తగారు దాన్నీ, సంచినీ మార్చి మార్చి చూసింది. తిడుతుందనుకుంది కోడలు. తిడితే బాగుండుననీ అనుకుంది. ఆవిడ సంచిని చేతిలోకి తీసుకుని, రెండు వరసల కుట్టు మీద బొటనవేలు ఆనించి చివరిదాకా రాసింది.

"అలిగి కూడా ఇంత గట్టిగా కుట్టావా తల్లీ," అంది.

ఆ మాటకు కోడలు నేల మీద కూలబడి గుండెలు పగిలేలా ఏడ్చింది. అత్తగారు ఓదార్చలేదు, ఆవిడకూ శక్తి లేదు. సీసాలో ఇంధనం అయిపోయేదాకా ఆ లైటు వెలుగుతూనే ఉంది. తీసేయడానికి ఇద్దరికీ చేతులు రాలేదు.