బావకు నేను పెట్టిన పేరు

జువ్వలదిన్నెలో మా అక్క భర్తకు బోటు ఉంది. కిందటేడు చలి తగ్గాక సరదాకి ఆయనతో సముద్రంలోకి చేపల వేటకు వెళ్లాను. బావ తాగే నీళ్ల క్యానుకు ఆనుకుని కూర్చుని, అడిగినవాళ్లకు అర గ్లాసే పోస్తున్నాడు.

"మా బావ పెద్ద స్టింజీ" అన్నాను.

"అంటే ఏంది సార్?" అన్నాడొక కళాసీ.

"పిసినారి."

అందరూ నవ్వారు. "స్టింజీ అన్నా, ఇంకొంచెం పొయ్యి" అని ఆటపట్టించారు.

మధ్యాహ్నం ఇంజను ఆగిపోయింది. ఒడ్డు కనబడదు, ఫోన్లకు సిగ్నల్ లేదు. మర్నాడు మరో బోటు వచ్చేదాకా గాలి తోసినవైపు కొట్టుకుపోయాం. నా నాలుక పిడచకట్టింది. క్యానులోకి చూడాలంటేనే భయమేసింది. బావ అందరికీ అదే అర గ్లాసు పోశాడు. వాళ్లు నీరసంతో కళ్లు మూసుకున్నాక తన వంతు నా చేతికిచ్చాడు.

"మరి నీకు, బావా?"

"నాకు అలవాటే అబ్బయా, తాగు."

తాగేశాను.

ఒడ్డుకు చేరాక నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. హార్బరులో ఇప్పటికీ ఆయన్ను 'స్టింజీ అన్న' అనే పిలుస్తారు, ఆయన పలుకుతాడు. పలికినప్పుడల్లా నేను తల దించుకుంటాను. ఆ పేరు పెట్టింది నేనే, ఆయన నీళ్లు తాగిందీ నేనే. ఇది చదివిన జువ్వలదిన్నెవాళ్లు ఇకనైనా ఆయన్ను అలా పిలవకండి.